మూడేళ్ళుగా రాయని ప్రశ్న

పోయిన వారం హెప్సిబాను పెరటి గుమ్మంలో, చేతిలో చీటీల కట్టతో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. కాళ్ళు పీకుతున్నా కదలడం లేదు, ప్రవీణ్ బండి చప్పుడు కోసం చెవులు వీధిలో పెట్టుకుని ఎదురుచూస్తోంది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. యానాం కనకాలపేటలో వాళ్ళ కాపురం. భర్త ప్రవీణ్ రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాడు. అత్తగారు మరియమ్మ ముప్పై ఏళ్ళు నెత్తిన చేపల బుట్ట పెట్టుకుని ఊరంతా తిరిగిన మనిషి. కూతురు కెజియా ఒక్కతే, పదేళ్ళది. మూడేళ్ళ కిందట, రెండో తరగతిలో ఉండగా, పాఠం మధ్యలో ప్రశ్నలు అడుగుతోందని ఆ పిల్లని మిట్టమధ్యాహ్నం ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టారు. హెప్సిబా అప్పుడు అదే బడిలో టీచరు. ఆ సాయంత్రమే ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చి, పిల్ల టీసీ చేతపట్టుకుని ఇంటికొచ్చింది. ఎవరు చేశారీ పని అని ప్రవీణ్ అడిగితే లెక్కల మాస్టారు సుందరరావు పేరు చెప్పింది.

సుందరరావు మాస్టారంటే ప్రవీణ్‌కి చిన్నప్పుడు ఎక్కాలు నేర్పిన మనిషి, చర్చిలో సంఘ పెద్ద. అయినా ప్రవీణ్ వెనకాడలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటి ముందు నిలబడి వీధంతా వినేలా నానా మాటలూ అన్నాడు. మాస్టారు ఒక్క మాట తిరిగి అనలేదు. ఆ నెలాఖరుకి ఆయనా బడి మానేశారు. అప్పట్నుంచి చర్చిలో ఆయన ముందు వరుసలో కూర్చుంటే వీళ్ళు వెనక వరుసలో కూర్చుంటున్నారు. ఆ పేరు ఇంట్లో ఎవరైనా ఎత్తితే హెప్సిబా లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

కెజియాకి ఇంట్లోనే చదువు మొదలుపెట్టిన రోజున హెప్సిబా ఒక పద్ధతి పెట్టింది. పొద్దున్నే ప్రార్థన అయ్యాక పిల్ల తన సొంత ప్రశ్న ఒకటి పుస్తకంలో రాయాలి. దాన్ని హెప్సిబా అందరి ముందూ పైకి చదువుతుంది. జవాబు మాత్రం చెప్పదు. శనివారం దాకా ఆగి, ఆ వారం ప్రశ్నల్లో మంచిదొకటి ఏరుకుని, తల్లీ కూతుళ్ళిద్దరూ జవాబు వెతుక్కుంటూ బయల్దేరతారు. గోదారి గట్టు, పడవల రేవు, ఐసు ఫ్యాక్టరీ, అడవిపొలం దారిలో కొబ్బరితోటలు, ఎక్కడికైనా సరే. అలా మూడు లావుపాటి పుస్తకాలు నిండాయి. ఇల్లు అంటుకుంటే ముందు ఏం తీసుకుని పరిగెడతావని అడిగితే హెప్సిబా ఆ మూడు పుస్తకాలే చెబుతుంది.

రేపు చర్చిలో స్త్రీల ఆదివారం. పిల్లలకి చదువు మీద ఇష్టం ఎలా పుట్టించాలో నువ్వే చెప్పాలమ్మా అని పాస్టరమ్మగారు హెప్సిబాను పట్టుబట్టి ఒప్పించారు. ఆ మూడు పుస్తకాలూ ఎత్తి చూపించాలని ఇస్త్రీ చేసిన చీర పక్కనే పెట్టుకుంది. అత్తగారు కళ్ళజోడు తెమ్మంటే ఆవిడ బైబిలు సంచిలో చెయ్యి పెట్టింది. కళ్ళజోడుకి బదులు రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట దొరికింది.

ల్యాబు చీటీలు అవి. ముందువైపు చెరువు నంబరు, ఉప్పదనం, ఆక్సిజను అని అచ్చేసిన గళ్ళు. వెనకవైపు ప్రవీణ్ వాలు రాతలో ప్రశ్నలు. ఒక్కో ప్రశ్న పక్కన ఒక్కో టిక్కు. మార్చి నెల నుంచి నిన్నటి దాకా కెజియా పుస్తకంలో రాసిన ప్రశ్నలన్నీ, ఒక్క అక్షరం తేడా లేకుండా, ఆ చీటీల మీద ఉన్నాయి.

బండి వచ్చి ఆగింది.

ప్రవీణ్ హెల్మెట్ తీస్తూనే పెరట్లోకి వచ్చాడు. మరియమ్మ పంపు దగ్గర పీట వేసుకుని, పళ్ళెంలో చీరమేను పోసుకుని, ఉప్పూ పసుపూ వేసి కడుగుతోంది. తూర్పుగాలి మొదలయ్యాక నాలుగు రోజులు దొరికే ఆ చిన్న చేపలంటే యానాంలో ఎవరికైనా ప్రాణమే.

"దొరికిందేంటమ్మా చీరమేను! వాసన వీధి మొగలోకి వచ్చేసింది," అన్నాడు ప్రవీణ్ సంబరంగా. అప్పుడు భార్య ముఖం చూశాడు.

"ఏవండీ," అంది హెప్సిబా. గొంతు చాలా మెల్లిగా ఉంది. ఆ మెల్లిదనం ఏమిటో పదమూడేళ్ళుగా కాపురం చేస్తున్నవాడికి తెలుసు. "'వంతెన మీద ఇనుప అతుకుల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారు?' ఈ ప్రశ్న ఎవరిది?"

"కెజియాది కదా."

"ఎవరిదండీ?"

ప్రవీణ్ కళ్ళు ఆమె చేతిలోని చీటీల మీద పడ్డాయి. హెల్మెట్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తల్లి వైపు చూశాడు. మరియమ్మ తల ఎత్తలేదు.

"అది మా ల్యాబు డ్రైవర్ క్రిస్టోఫర్‌ది," అన్నాడు చివరికి. "ఎదుర్లంక వంతెన మీద వెళ్తున్నప్పుడు టైరు దబ్బుదబ్బుమంటుంటే అడిగాడు. బావుందని రాసుకున్నాను."

హెప్సిబాకి నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వు వస్తే ఎంత భయంగా ఉంటుందో ఆ క్షణాన తెలిసింది. ఆ ప్రశ్న కోసం వేసవిలో ఒక శనివారం తల్లీ కూతుళ్ళు వంతెన మీదకి వెళ్ళారు. పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, అతుకు మధ్య ఖాళీలో అట్టముక్క దూర్చి ఎంత తేడా ఉందో చూశారు. ఎండకి ఇనుము సాగి ఖాళీ తగ్గిందని తెలిశాక కెజియా చప్పట్లు కొట్టింది. హెప్సిబా ఆ రాత్రి ప్రార్థనలో, నా కూతురికి ఇంత బుర్ర ఇచ్చినందుకు స్తోత్రం ప్రభువా అని కన్నీళ్ళు పెట్టుకుంది. పక్కనే మోకరించిన ప్రవీణ్ ఆమేన్ అన్నాడు. ఆ ఆమేన్ ఇప్పుడు చెవిలో గింగురుమంటోంది.

"నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే పక్కనే ఉండి ఆమేనన్నారు. క్రిస్టోఫర్ ప్రశ్నకి!"

"హెప్సీ, ముందు కూర్చో. చెప్తాను."

"ఎన్ని నెలలు? మార్చి నుంచి నవంబరు. ఎనిమిది నెలలు. రోజూ పొద్దున నేను ఆ పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, వెర్రిదాన్లా పైకి చదువుతుంటే మీరు ముగ్గురూ ఎలా కూర్చున్నారు? నవ్వొచ్చేది కాదూ?"

"నవ్వా?" ప్రవీణ్ హెల్మెట్ మెట్టు మీద పెట్టి పక్కనే కూలబడ్డాడు. "ఒక్కరోజు కూడా నవ్వు రాలేదు. చెప్పనివ్వు. మార్చిలో నువ్వు జ్వరంతో పడుకున్నావు, గుర్తుందా? లేచిన మర్నాడు కెజియా ఖాళీ పేజీ చూపించింది. ప్రశ్న రాలేదమ్మా అంది. నువ్వు ఏమన్నావు?"

"నేనేమీ అనలేదు."

"అదే. ఏమీ అనలేదు. తిడితే బావుండేది. ఆ రోజు నువ్వు అన్నం తినలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. గిన్నెలు తోముతూ, నేను ఉద్యోగం మానుకున్నది ఇందుకేనా ప్రభువా అని గొణుక్కున్నావు. పిల్ల తలుపు వెనకే ఉంది. సాయంత్రం వీధి చివర నా బండి ఆపి ఎక్కి కూర్చుని, నాన్నా నాకు ప్రశ్నలు అయిపోయాయి, ఒకటి ఇయ్యవా అని ఏడ్చింది. అయిపోయాయంట! బియ్యం అయిపోయినట్టు చెప్పింది. నేనేం చెయ్యను? జేబులో చీటీ ఉంటే దాని వెనక రాసిచ్చాను. ఒక్కరోజుకనే అనుకున్నాను."

"ఒక్కరోజు ఎనిమిది నెలలైందా?"

"మర్నాడు నువ్వు ఆ ప్రశ్న చదివి ఎంత మురిసిపోయావో నీకు తెలీదు. ఇంట్లో దీపం పెట్టినట్టయింది. దాన్ని ఆర్పే ధైర్యం నాకు లేకపోయింది."

మాట బావుంది. మనసు విరిగినప్పుడు బాగున్న మాటలు ఇంకా మంట పెడతాయి. దానంతటదే వెలుగుతోందని తను అనుకున్న దీపాన్ని ముగ్గురూ కలిసి బయటినుంచి నూనె పోసి నిలబెట్టారని హెప్సిబాకి తెలిసిపోయింది. పరాయివాళ్ళు మోసం చేస్తే వీధిలోకెళ్ళి అరవొచ్చు. ఇంట్లోవాళ్ళు జాలిపడి మోసం చేస్తే ఎవరి మీద అరవాలి? ఆ కోపానికి దారి తెలియక ఆమె అత్తగారి వైపు తిరిగింది.

"మీ సంచిలో దాచారు అత్తయ్యా. బైబిలు సంచిలో! మీకెలా మనసొప్పింది?"

మరియమ్మ పళ్ళెంలో నీళ్ళు ఒంచి, మళ్ళీ కొత్త నీళ్ళు పట్టింది. తొందరపడని చేతులు ఆవిడవి.

"ఆ సంచి నువ్వు ముట్టవు గదా అని దాచానే అమ్మాయ్. ఆయ్, దాచాను. తప్పే. రేపు చర్చిలో మోకరించి ఒప్పుకుంటాను. గానీ ఓ మాట అడుగుతాను చెప్పు. నీ కూతురికి ప్రశ్నలు అయిపోయాయని నువ్వు నమ్ముతున్నావా?"

"ఈ చీటీలు ఏం చెప్తున్నాయి మరి?"

"చీటీలు మా వోడి సంగతి చెప్తున్నాయి. పిల్ల సంగతి నేను చెప్తాను. పొద్దున ఇక్కడే కూచుని ఈ సీరమేను చూత్తా అడిగింది. మామ్మా, ఇయ్యి ఏ చేప పిల్లలు? ఒక్క చేపవా, రకరకాలయ్యా? పెద్దయ్యాక ఎక్కడికెళ్తాయి? మనం ఇన్ని తినేత్తే గోదాట్లో ఇంకెలా మిగులుతాయి? అని. నా ప్రాణం తీసేసిందనుకో. నిన్న సాయంత్రం అద్దం ముందు నిలబెట్టి, మామ్మా నీ చెవి కమ్మల బొక్క ఇంత సాగిపోయిందేంటి, బుట్ట మోసినందుకా అంది. రోజుకి ఇరవై అడుగుద్ది. నాకు తెలిత్తే చెప్తాను. తెలీకపోతే తెలీదంటాను. అది ఊరుకోదు, మళ్ళీ అడుగుద్ది."

హెప్సిబా గుమ్మానికి చేరగిలబడింది.

"అయితే నాకెందుకు చెప్పదు?"

"నీకు చెప్తే పుత్తకంలో రాయమంటావు. చేతిరాత బాగోలేదంటావు. శనారం దాకా ఆగమంటావు. ఆకలేసిందని వత్తే శనారం అన్నం పెడతానంటే ఎవరొత్తారే నీ దగ్గిరికి? పైగా, మంచి ప్రశ్న ఒకటి ఏరతావు. మిగతా ఆరూ ఏమవ్వాలి? అయ్యి మంచియి కావని పిల్లకి అర్థమైపోద్ది. ఏది అడిగితే అమ్మ మెచ్చుకుంటాదో ఎతుక్కోడంలో, దానికి ఏం తెలుసుకోవాలనుందో మర్చిపోద్ది."

ఆ మాటలు సూటిగా వచ్చి తగిలాయి. హెప్సిబా బీఈడీ చదివింది. పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాసి ఫస్టు క్లాసు తెచ్చుకుంది. సంతకం పెట్టడం మాత్రమే వచ్చిన అత్తగారు, చేపలు కడుగుతూ, ఆమె మూడేళ్ళ శ్రమలో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. నిజమని లోపల తెలుస్తూనే ఉంది.

"ఇంత తెలిసినవాళ్ళు ఎనిమిది నెలలు ఎందుకు ఊరుకున్నారు అత్తయ్యా? మార్చిలోనే నాకు చెప్పొచ్చుగా ఈ మాట! నేను ఏడ్చేదాన్ని. రెండ్రోజులు అలిగేదాన్ని. తర్వాత మారేదాన్ని. ఆ అవకాశం కూడా నాకు లేకుండా చేశారు. నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించారు."

మరియమ్మ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

ఫోను మోగింది. మెట్టకూరు నుంచి సుమ. కొడుకుని బడి మాన్పించి ఇంట్లో చదివించాలని నెలరోజులుగా హెప్సిబా వెంటపడుతున్న అమ్మాయి. హెప్సిబా ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది.

"మేడం, రేపు మా ఆడపడుచుతో నేను కూడా మీ చర్చికి వస్తున్నానండి. మావారు ఒప్పుకున్నారు మేడం! మీ పాప పుస్తకాలు ఒకసారి కళ్ళారా చూసి, సోమవారం వెళ్ళి మావాడి టీసీ తీసేసుకుందాం అన్నారు. ఆ పుస్తకాలు తెస్తారు కదండీ?"

"తెస్తాను," అంది హెప్సిబా. వేరే మాట నోట్లోంచి రాలేదు.

ఫోను పెట్టేసింది. మార్చికి ముందువి మాత్రం పిల్ల సొంతమేనన్న నమ్మకం ఏది? రేపు వందమంది ఆడవాళ్ళ ముందు ఆ పుస్తకాలు ఎత్తి పట్టుకుంటే అబద్ధాన్ని ఎత్తి పట్టుకున్నట్టే. పట్టుకోకపోతే మూడేళ్ళూ ఏం చేశావని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. ఎక్కడో మెట్టకూరులో ఒక పిల్లాడి బడి ఈ పుస్తకాల మీద ఆధారపడి ఉంది.

"అసలిదంతా ఎక్కడ మొదలైంది?" ప్రవీణ్ గొంతులో ఇప్పుడు కోపం తిరిగింది. తప్పు చేసినవాడికి కోపం చూపించడానికి ఇంకో మనిషి దొరికితే ఎంత ఊరటో. "ఆ సుందరరావు మాస్టారు. ఆయన ఆ రోజు పిల్లని ఎండలో పడేయకపోతే ఇది హాయిగా బడికెళ్ళేది. నీ ఉద్యోగం నీకుండేది. ఇన్ని నాటకాలు ఉండేవి కావు. రేపు ముందు వరుసలో తెల్ల చొక్కా వేసుకుని కూర్చుంటాడు చూడు, ఏమీ ఎరగనట్టు."

"ఆయన సంగతి ఇప్పుడెందుకు?" అంది హెప్సిబా వెంటనే.

"సుందరం అలాంటోడు కాడురా," అంది మరియమ్మ. "నేను అప్పుడే చెప్పాను. ఈగని కూడా తోలడు ఆ మనిషి."

"పిల్ల మోకాళ్ళ మీద బొబ్బలు నేను చూశానమ్మా!"

హెప్సిబా వంటింట్లోకి వెళ్ళిపోబోయింది. కానీ వీధి తలుపు చప్పుడైంది. పాట ప్రాక్టీసు ముగించుకుని కెజియా వచ్చేసింది. చెప్పులు విప్పుతూ రేపటి పాటలో చరణం కూనిరాగం తీస్తోంది. పెరట్లోకి ఒక అడుగు వేసి అమ్మ చేతిలో చీటీలు చూసింది. పాట ఆగిపోయింది. తండ్రి వైపు చూసింది. ఆ చూపులో ఏడుపు లేదు. చాలా రోజులుగా మోస్తున్న బరువు ఎవరో దించినట్టు భుజాలు కిందికి జారాయి.

"నేనే అడిగానమ్మా. నాన్నని ఏమీ అనకు."

"రా ఇలా," అంది హెప్సిబా.

కెజియా వచ్చి నిలబడింది. బక్కపలచని పిల్ల, రెండు జడలు, ఒక జడకి రిబ్బను ఊడిపోయింది. మామూలు రోజైతే హెప్సిబా చెయ్యి దానంతటదే ఆ రిబ్బను వైపు వెళ్ళేది.

"నాకు అబద్ధం ఎందుకు చెప్పావు?"

"అబద్ధం చెప్పలేదమ్మా. రాశాను."

"రెండూ ఒకటి కాదా?"

కెజియా నిజంగానే ఆలోచించింది. పదేళ్ళ పిల్ల పెద్దవాళ్ళ కోపం మధ్యలో నిలబడి అలా ఆలోచించడం చూస్తే ఇంకెవరైనా ముద్దు పెట్టుకునేవారు. "ఒకటే," అంది చివరికి. "సారీ అమ్మా. నువ్వు అన్నం మానేస్తే నాకు భయమేస్తుంది."

హెప్సిబా గుండె కరగాలి. కొంచెం కరిగింది కూడా. కానీ దాని కింద ఉన్న గాయం మాట్లాడకుండా ఊరుకోలేదు. తను బడి నుంచి తెచ్చుకున్న పిల్ల, తన చేతుల మీద పెంచుకున్న చదువు, తన దగ్గర తప్ప అందరి దగ్గరా నోరు విప్పుతోంది. మామ్మకి ఇరవై ప్రశ్నలు. నాన్నకి కన్నీళ్ళు. తనకి మాత్రం క్రిస్టోఫర్ వంతెన.

"మామ్మని రోజుకి ఇరవై అడుగుతావంట. నాకు ఒక్కటి లేదా? ఈ మూడేళ్ళలో నన్ను అడగాలనిపించిన నీ సొంత ప్రశ్న ఒక్కటంటే ఒక్కటి కూడా లేదా కెజియా?"

"ఉంది."

అంత తొందరగా జవాబు వస్తుందని హెప్సిబా అనుకోలేదు.

"ఏంటది?"

"వద్దులే అమ్మా."

"ఎందుకు వద్దు? ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"చాలా రోజుల నుంచి. పుస్తకం మొదలెట్టిన రోజు నుంచి. ఫస్టు పేజీలో అదే రాద్దామనుకున్నాను." కెజియా కాలి బొటనవేలితో తడినేల మీద గీత గీస్తోంది. "రాస్తే నువ్వు పైకి చదవాలి కదా. రూలు. అందుకని ఆకాశం నీలంగా ఎందుకుంటుందని రాసేశాను."

ఇక్కడ హెప్సిబా ఆగవలసింది. లోపల ఎక్కడో ఏదో ఆగమని చెప్పింది కూడా. కానీ గంట నుంచి ఆమె వెతుకుతున్నది ఇదే. తన కోసం దాచుకున్న ప్రశ్న ఒకటుంది. నిజమైనది, ఎవరి చీటీలోంచీ రానిది. మూడు పుస్తకాలూ అబద్ధమైనా ఈ ఒక్క పేజీ నిజమైతే రేపు చర్చిలో దాన్నే ఎత్తి చూపిస్తుంది. జరిగినదంతా చెప్పి, ఒప్పుకుని, ఇదిగో నా బిడ్డ నన్ను అడిగిన మొదటి సొంత ప్రశ్న అని చూపిస్తుంది. సుమ కూడా వింటుంది. ఆ ఆలోచన రాగానే ఊపిరి ఆడింది.

లోపలికి వెళ్ళి కొత్త పుస్తకం తెచ్చింది. నాలుగోది, ఇంకా అట్ట కూడా వేయనిది. పెన్ను మూత తీసి కూతురి చేతికిచ్చింది.

"రాయి."

"నిజంగా రాయనా?"

"రాయి తల్లీ. ఏదైనా సరే. నేను అలగను. అన్నం మానను. ఏమీ దాచను, అందరి ముందూ పైకి చదువుతాను. దేవుడి మీద ఒట్టు."

"దేవుడి మీద ఒట్టు వెయ్యకూడదు గదే," అని గొణిగింది మరియమ్మ. ఎవరూ వినిపించుకోలేదు.

కెజియా మెట్టు మీద తండ్రి హెల్మెట్ పక్కకి జరిపి కూర్చుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మోచెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది. ఎక్కడా ఆగలేదు, కొట్టివేయలేదు. మనసులో వందసార్లు రాసుకున్నదాన్ని కాగితం మీదకి దించుతున్నట్టు రాసింది. రాసి, ఊది, పుస్తకం మూసి అమ్మకిచ్చింది. ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం వదలకుండా పట్టుకుంది. తర్వాత వదిలేసింది.

హెప్సిబా అలవాటుగా గొంతు సవరించుకుని పేజీ తెరిచింది. పైకి చదివేలోపే కళ్ళు ఆ వరుసల మీద పరిగెత్తాయి.

"ఆ రోజు నన్ను ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టింది నువ్వే కదా అమ్మా? మరి నాన్నకి సుందరరావు మాస్టారి పేరు ఎందుకు చెప్పావు?"

చేతిరాత చాలా బావుంది. మూడేళ్ళు దగ్గర కూర్చుని తనే దిద్దించిన చేతిరాత.

పెరడు ఒక్కసారి తెల్లబడిపోయింది, ఆ రోజు ఎండలాగే. బడిలో పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని కరస్పాండెంటు రెండో తరగతి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పాఠం చెబుతున్నది హెప్సిబా. కెజియా మూడోసారి లేచి, అది కాదు టీచర్, అలాగైతే మరి, అని ఏదో అడిగింది. టీచరు కూతురే ఇలా ఉంటే మిగతావాళ్ళ మాటేంటి అని ఆయన నవ్వాడు. వచ్చినవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వుకి ఒళ్ళు మండి, బయటికెళ్ళి మోకాళ్ళ మీద నిలబడు అని తనే అరిచింది. తర్వాత గంట కొట్టారు. ఇంకో క్లాసు. ఆఫీసులో పిలుపు. పిల్ల సంగతే మర్చిపోయింది. గుర్తొచ్చి పరిగెత్తేసరికి సుందరరావు మాస్టారు కెజియాని భుజాన వేసుకుని వరండాలోకి తెచ్చి, తన సీసాలో నీళ్ళు తాగిస్తున్నారు. ఆ సాయంత్రం ప్రవీణ్ ఆ బొబ్బలు చూసి ఎవడే వాడు అని అరిచినప్పుడు, కళ్ళ ముందు మెదిలిన మనిషి పేరే నోట్లోంచి వచ్చేసింది. మర్నాడు వీధిలో ప్రవీణ్ తిడుతుంటే మాస్టారు అతని భుజం మీదుగా, వెనక నిలబడ్డ తనని చూశారు. చూసి తల దించుకున్నారు.

ఏడేళ్ళ పిల్లకి ఇవేవీ గుర్తుండవని అనుకుంది. మర్చిపోయి ఉంటుందని మూడేళ్ళుగా హాయిగా నమ్మింది. ఎనిమిది నెలల మోసానికి గుండెలు బాదుకున్న మనిషి, తన మోసాన్ని మూడేళ్ళుగా ఒక పసిపిల్ల మోస్తోందని ఇప్పుడు చదువుకుంది.

"ఏం రాసింది?" ప్రవీణ్ లేచి వచ్చాడు. భార్య ముఖంలో రంగు పోవడం చూసి సంతోషం వల్లేననుకున్నాడు, పాపం. నవ్వుతున్నాడు కూడా. "అంత గొప్ప ప్రశ్నా? చదువు హెప్సీ, మేమూ వింటాం."

మరియమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ పీట మీద ఇటు తిరిగి కూర్చుంది. రోజూ పొద్దున కూర్చున్నట్టే.

హెప్సిబా నోరు తెరిచింది. పుస్తకం మూసి గుండెకి అదుముకుంది.

"ఫర్లేదమ్మా," అంది కెజియా, తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఆమెకి మాత్రమే వినపడాలన్నట్టు మెల్లిగా. "శనివారం దాకా ఆగుతాలే."

ప్రవీణ్‌కి ఆఖరి ముక్క వినపడింది.

"ఇవాళ శనివారమేగా," అంటూ నవ్వి, పుస్తకం కోసం చెయ్యి చాపాడు.